ఏడింటికి అలక, తొమ్మిదింటికి కల్యాణం

నాటకాలవాళ్ళ మీద సినిమా అనగానే మనవాళ్ళు జేబురుమాలు తెచ్చుకోమంటారు. పటాన్‌చెరు పక్కనే నూట నలభై ఏళ్ళ నవ్వుల కథ ఒకటి ఎవరూ ముట్టకుండా పడి ఉంది.

సాయంత్రం పటాన్‌చెరులో కోఠి పోయే 218 ఎక్కితే బస్సు నిండా ఖాళీ టిఫిన్ డబ్బాల చప్పుడు. జనరల్ షిఫ్టు దిగినవాళ్ళు కూచున్నచోటే కునికిపాట్లు పడుతుంటారు. మందుల కంపెనీలో పనిచేసేవాడెవడో చొక్కా వాసనే చెబుతుంది, ఐడీ కార్డు చూడక్కర్లేదు. రామచంద్రాపురం దాటి, బీహెచ్ఈఎల్ చౌరస్తా ట్రాఫిక్‌లో కాసేపు ఇరుక్కుని, లింగంపల్లి దగ్గర దిగితే సురభి కాలనీ ఎక్కడని ఎవరినడిగినా చెబుతారు. బస్సులోవాళ్ళు పొద్దంతా రియాక్టర్లతో, లేత్ మిషన్లతో కుస్తీపట్టి ఇల్లు చేరే వేళకు, ఆటున్న రోజు ఆ కాలనీవాళ్ళకు అసలు పని మొదలవుతుంది. ముఖానికి రంగు, నెత్తికి కిరీటం, భుజాన విల్లు.

సురభి నాటక సమాజాల్లో భార్యాభర్తలే జంట పాత్రలు వేయడం వింతేమీ కాదు. ఒక్కసారి ఊహించండి. మధ్యాహ్నం కూరలో ఉప్పు దగ్గరో, పిల్లవాడి ఫీజు దగ్గరో ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆమె మూతి ముడుచుకుంది. ఈయన చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. మామూలు సంసారమైతే ఆ పూటకు అంతే. ఇక్కడ కుదరదు. ఏడింటికి తెర లేవాలి. ఆమె సత్యభామ, ఈయన కృష్ణుడు. పారిజాతం పువ్వు రుక్మిణికి ఇచ్చాడని ఆమె అలగాలి. ఈయన బతిమాలి కాళ్ళమీద పడాలి. ఆమె ఎడమకాలితో కిరీటాన్ని తన్నాలి. మధ్యాహ్నం నుంచి దాచుకున్న కోపం ఆ తన్నులో ఎంతుందో ముందు వరస ప్రేక్షకుడికేం తెలుస్తుంది? కృష్ణుడికి తెలుస్తుంది. తొమ్మిదింటికి మంగళం పాడేలోపు రాజీ కూడా అయిపోవాలి, ఎందుకంటే ఆ తర్వాత తెరలు చుట్టడానికి ఇద్దరూ చెరోపక్క పట్టుకోవాలి.

ఇంతకంటే మంచి రొమాంటిక్ కామెడీ మొదటి సీను ఏ రచయిత రాస్తాడు? అయినా తెలుగులో ఈ సినిమా రాలేదు.

వచ్చినవేమిటో చూద్దాం. 2023 మార్చిలో కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ వచ్చింది. మరాఠీ ‘నటసామ్రాట్’కు తెలుగు రూపం. ప్రకాశ్‌రాజ్ ఒక ఎత్తయితే, జీవితమంతా మనల్ని నవ్వించిన బ్రహ్మానందం అందులో ఏడిపించడం మరో ఎత్తు. గొప్ప నటన, కాదనను. కానీ థియేటర్ నుంచి బయటికొస్తుంటే నా వెనక ఒకాయన భార్యతో అంటున్నాడు: “నాటకాలోళ్ళ బతుకులు గింతేనే.” ఆ మాట నాకు గుచ్చుకుంది. 2024లో ‘ఉత్సవం’ వచ్చింది. నాటక కళాకారుల నేపథ్యంలో ప్రేమకథ. చూడబోతే దగ్గరి చుట్టమే. కానీ ఆ ప్రేమజంట భుజాల మీద కూడా అంతరించిపోతున్న కళను ఉద్ధరించే మూట ఒకటి పెట్టారు. మూట మోసేవాళ్ళు నవ్వుతూ నడవలేరు గదా. ‘మహానటి’లో (2018) బెజవాడ నాటకాల రోజులు నడిచినంతసేపు హాయిగా ఉంటుంది. పెదనాన్న కె.వి. చౌదరిగా రాజేంద్రప్రసాద్, అల్లరిపిల్ల సావిత్రి. కానీ కథకు మద్రాసు రైలు తొందర. నాటకం అక్కడ ఎక్కి దాటే మెట్టు మాత్రమే.

నవ్వుతూ తీసినవాడు ఒకడున్నాడు. వంశీ. ఎనభైల చివర వచ్చిన ‘శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూపు’. నరేశ్, మాధురి జంట, ఇళయరాజా సంగీతం. పేరు చెప్పడానికే ఒక ఊపిరి కావాలి. రికార్డింగ్ డాన్సు అంటే నలుగురిలో పేరెత్తడానికి సిగ్గుపడే కాలంలో, ఆ మనుషులకు కూడా ప్రేమలు, పంతాలు, ఎదగాలన్న యావ ఉంటాయని గోదావరి గాలి తగిలించి చెప్పాడు. ట్రూపు మీద జాలిపడలేదు, ట్రూపుతో కలిసి నవ్వాడు. ఆ తేడా పట్టుకున్నవాళ్ళు తర్వాత పెద్దగా కనపడరు.

మా జిల్లా నవ్వు అమ్ముడుపోదా అంటే, అదీ కాదు. సంగారెడ్డి జిల్లా జోగిపేట నుంచి నౌకరీ వెతుక్కుంటూ పట్నం పోయిన ముగ్గురు పనికిమాలినవాళ్ళ కథ ‘జాతిరత్నాలు’ 2021 మార్చి 11న విడుదలైంది. కరోనా భయంతో సగం మూతపడ్డ హాళ్ళు మళ్ళీ ఈలలతో నిండాయి. లేడీస్ ఎంపోరియం శ్రీకాంత్‌గా వేసిన నవీన్ పోలిశెట్టి కూడా నాటకాలు వేసి వచ్చినవాడే. ఇంకేం, మనిషి రంగస్థలం నుంచి వచ్చాడు, ఊరు మాది, నవ్వు ఇద్దరిదీ. నాటకాన్ని ఒక్కదాన్నే ఇంటిదగ్గర వదిలేసి వచ్చారు.

పెళ్ళిలో పుట్టిన సమాజం

సురభి పుట్టిందే ఒక పెళ్ళిలో. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్ళి సందర్భంగా, తోలుబొమ్మలాడించే వనారస గోవిందరావు బృందం బొమ్మల బదులు తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడింది. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే కీచకవధ ఏమిటని మీకు అనిపిస్తే, నాకూ అనిపించింది. పరాయి ఆడదాని మీద కన్నేస్తే ఏమవుతుందో పెళ్ళికొడుక్కి ముందే చూపిస్తే మంచిదనుకున్నారేమో.

ఆ తర్వాత కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు. కుటుంబం పెరిగినకొద్దీ ఒక కొత్త సమాజం, ఒక కొత్త డేరా. మేనమామే దర్శకుడు, అత్తే గయ్యాళి పాత్ర, తాతే హార్మోనియం. ఇలాంటిచోట ప్రేమ ఎలా పుడుతుందో ఆలోచించండి. పిల్లా పిల్లాడూ చాటుగా మాట్లాడుకోవడానికి చెట్టు లేదు, పుట్ట లేదు. చుట్టూ ఉన్నదంతా బొమ్మల తెర మీది చెట్టూ పుట్టా. వాటి వెనక తాడు పట్టుకుని బాబాయి నిలబడి ఉంటాడు. కానీ స్టేజీ మీద మాత్రం పెద్దలందరి ముందే, వందల మంది సాక్షిగా, పద్యంలో ప్రేమించుకోవచ్చు. బయట మాట కలిపితే తప్పు, తెర లేస్తే చేయి పట్టుకోకపోతే తప్పు!

ఇక్కడే ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ సంగతి చెప్పాలి. ప్రేమ, పేరు తెచ్చుకోవాలన్న తపన, నాటకశాల, ఈ మూడూ కలిపిన రొమాంటిక్ కామెడీ అంటే ప్రపంచమంతా దాన్నే చూపిస్తుంది. 1998లో వచ్చింది, ఏడు ఆస్కార్లు తీసుకుంది. అందులో ముడి అంతా ఒక్కటే. 1593 నాటి లండన్‌లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదు, ఆడవేషాలు కూడా మగపిల్లలే కట్టాలి. నాటకం మీద మోజున్న వయోలా అనే పెద్దింటి పిల్ల మగవేషం వేసుకుని దొంగతనంగా నాటకంలో చేరుతుంది. రచయిత షేక్‌స్పియర్ ఆమెతో ప్రేమలో పడతాడు.

మనకూ ఆ కాలం ఉంది. స్థానం నరసింహారావు గారు సత్యభామ కడితే ఆయన చీరకట్టు, నడక చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్ళు వచ్చేవారని చెప్పుకుంటారు. 1956లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు. అక్కినేని నాగేశ్వరరావు తొలి గుర్తింపు ఆడవేషాలతోనే. ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని బళ్ళారి రాఘవ పట్టుబట్టాల్సి వచ్చింది. పేరున్న సమాజాల్లో సంగతి ఇది. సురభిలో మాత్రం తొలినాళ్ళ నుంచీ ఆడపాత్రలు ఇంటి ఆడవాళ్ళే కట్టారు. సంస్కరణ అని ఎవరూ జెండా పట్టుకోలేదు. ఇంట్లో అందరూ పనిచేస్తేనే పొయ్యి వెలుగుతుంది, అందుకని కట్టారు. ఇటు మన చిందు భాగోతాల్లో కూడా అంతే. చిందు ఎల్లమ్మ నిజామాబాద్ వైపు ఊళ్ళన్నీ ఊపేసింది, ఎవరి అనుమతీ అడగలేదు. అంటే హాలీవుడ్ సినిమాకు ముడిసరుకైన ఆ కష్టం మన పేద డేరాల్లో అసలు లేనే లేదు. మన కథకు వేరే ముడి కావాలి. అది దండిగానే ఉంది.

ఆ ముడి పేరు సినిమా. సురభి కమలాబాయి స్టేజీ మీదే పుట్టిందంటారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు మొదలయ్యాయి, ప్రేక్షకులు అదీ నాటకంలో భాగమేననుకున్నారు, సంగతి తెలిశాక పసిగుడ్డు మీద డబ్బులు కురిపించారు అని కథ. ఎంత నిజమో గాని ఎంత చక్కగా ఉందో చూడండి. ఆ పిల్లే పెరిగి, హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది. 1932 ఫిబ్రవరి 6న ఆ సినిమా విడుదలైంది. అక్కడితో ప్రతి డేరాలోనూ ఒక కొత్త ప్రశ్న పుట్టింది: కమలాబాయి పోయిందిగా, నేనెందుకు పోకూడదు? ఆ ప్రశ్న ఇప్పటికీ ఉంది, కాకపోతే బొంబాయి బదులు కృష్ణానగర్, సినిమాతో పాటు సీరియల్. మంచి కృష్ణుడు దొరికాడనుకునేలోపు సీరియల్లో బావమరిది వేషానికి పోతాడు. సత్యభామ ఏం చేయాలి? అలగాలి. ఈసారి పారిజాతం కోసం కాదు.

కంతలోంచి చూసిన మాయాబజార్

సురభి నాటకాల్లో జనం ఎక్కువగా అడిగేది ‘మాయాబజార్’. 1957లో కె.వి. రెడ్డి తీసిన సినిమాకు ముందే ‘శశిరేఖా పరిణయం’గా మన స్టేజీల మీద తిరిగిన కథ. మనం దాన్ని పౌరాణికం అంటాంగాని, నిజానికి అది పక్కా రొమాంటిక్ కామెడీ. మేనబావను ప్రేమించిన పిల్ల, ఆస్తి పోగానే మాట తప్పిన తల్లిదండ్రులు, డబ్బున్న దద్దమ్మ పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడు, పిల్ల స్థానంలో ఆడవేషంలో దూరిన రాక్షసుడు ఘటోత్కచుడు. కురుక్షేత్రం ఊసే లేదు. పెళ్ళి, పెళ్ళి భోజనం, అంతే.

ఒకసారి ఆ నాటకాన్ని తెర పక్కనున్న సందులోంచి చూసే అదృష్టం కలిగింది. ముందు కూచున్నవాళ్ళకు కనిపించేది మాయ. పక్క నుంచి చూస్తే అంతా తాళ్ళు, కప్పీలు, ఇనుప తీగలు. మా పటాన్‌చెరువాళ్ళ భాషలో చెప్పాలంటే అదొక చిన్నసైజు ఫ్యాక్టరీ, కాకపోతే సైరన్ బదులు హార్మోనియం. బొమ్మల తెరలు గుండ్రటి కర్రకు చుట్టి ఉంటాయి. తాడు వదిలితే అడవి దిగుతుంది, ఇంకో తాడు లాగితే ద్వారక. ఎదురెదురుగా కట్టిన తీగల మీద బాణాలు జారుకుంటూ వచ్చి నడిమధ్యలో ఢీకొంటాయి, మంట లేస్తుంది. నారదుడి నడుముకు పట్టా, దానికి కొక్కెం. మంటకు గుగ్గిలం పొడి. అది ఎంత వేయాలో కొలత పుస్తకంలో ఉండదు, వేసేవాడి చేతిలో ఉంటుంది. ఎక్కువైతే ముందు వరస దగ్గుతుంది, తక్కువైతే రాక్షసుడు ప్రత్యక్షం కావడం అందరికీ కనపడిపోతుంది.

ఘటోత్కచుడు తన సీను అయిపోగానే లోపలికొచ్చాడు. గద పక్కన పెట్టలేదు. చంకలో ఇరికించుకునే టీ గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడో లేదో ఎవరో “తెర, తెర” అన్నారు. గ్లాసు నా చేతికిచ్చి తాడు లాగడానికి పోయాడు. నిమిషం క్రితం లోకాలు దద్దరిల్లేలా పద్యం పాడిన మనిషి, ఇప్పుడు బనీను లేని వీపు మీద చెమటలు కారుతుండగా మేనకోడలి కోసం చంద్రోదయం చేయిస్తున్నాడు. టీ చల్లారిపోయింది. తిరిగొచ్చి అదే తాగాడు. “గిట్లనే ఉంటది సార్ మా సంసారం,” అన్నాడు, ఏమీ కష్టంగా కాదు, నవ్వుతూనే.

అవతలిపక్క మాయా శశిరేఖ చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ మగనడక సాధన చేస్తోంది. ఆడపిల్ల, తనలో దూరిన రాక్షసుడిలా నడవాలి, పైకి ఆడపిల్లలా కనిపించాలి. సినిమాలో సావిత్రి చేసి చూపించిన ఆ విన్యాసాన్ని ఇక్కడ క్లోజప్పు, రీటేకు లేకుండా చేయాలి. రెండు అడుగులు వేసి ఆగి, నడుము మీద చేయి మార్చి మళ్ళీ వేసింది. చిన్నప్పుడు ఏ వేషంతో మొదలుపెట్టిందో అడగాలనుకున్నా. సురభి పిల్లలు బాలకృష్ణుడితోనో, ప్రహ్లాదుడితోనో స్టేజీ మీదికి వస్తారు, ఒళ్ళూ గొంతూ మారినకొద్దీ పాత్రలు మారతాయి. మన కంపెనీల్లో హెల్పర్, ఆపరేటర్, సూపర్‌వైజర్ ఉన్నట్టు అక్కడ అభిమన్యుడు, కృష్ణుడు, బలరాముడు. ప్రమోషన్ కోసం ఎదురుచూపులు, నాకు రావాల్సింది వాడికిచ్చారన్న గొణుగుడు, అన్నీ ఉంటాయి. మన దగ్గర మేనేజరును తిట్టుకుంటూ ఇంటికి పోవచ్చు. అక్కడ మేనేజరు, మామ, ఇల్లు మూడూ ఒకటే.

1990లలో కన్నడ దేశం నుంచి బి.వి. కారంత్ వచ్చి సురభి వాళ్ళతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. మూడోది బ్రెక్ట్ నాటకం, సెజువాన్ నగరపు మంచిమనిషి కథ. జర్మన్ భాషలో రాసిన చైనా వేశ్య మన దగ్గరికొచ్చి యాదమ్మ అయింది. ఆ పేరు వింటేనే నాకు సగం నాటకం అర్థమైనట్టు ఉంటుంది. మూలకథలో ఆమె ప్రేమించినవాడికి విమానం నడపాలని పిచ్చి, అందుకు ఆమె డబ్బు కావాలి. మంచితనంతో బతకలేక ఆమె మగవేషం కట్టి తన కజిన్‌నని చెప్పుకుని చివరికి పొగాకు ఫ్యాక్టరీ పెడుతుంది. ప్రేమించినవాడు అదే ఫ్యాక్టరీలో మేస్త్రీ అయి కూలీల్ని పిండుతాడు. ప్రేమ, ఆశ, ఫ్యాక్టరీ. దీన్ని ఆడటానికి మా పాశమైలారం పారిశ్రామికవాడ కంటే సరైన చోటు ఉందా? సురభి బాబ్జీగా అందరూ పిలుచుకున్న రేకందార్ నాగేశ్వరరావు గారు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఏళ్ళ తరబడి నాటకాలు ఆడించారు. 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో పోయారు. ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి మా షిఫ్టులవాళ్ళెవరూ ఆ నాటకాలకు పోలేదంటే తప్పు నాటకానిది కాదు. ఆరున్నరకు తెర లేస్తే, రెండు నుంచి పది దాకా పనిచేసే మనిషి ఎక్కడికి పోతాడు?

ఎవరైనా తీస్తే

నిర్మాత ఎవరూ దొరకలేదు గనక ఇక్కడే కథ చెప్పేస్తాను. కావలసినవాళ్ళు తీసుకోండి.

పిల్ల సురభి కుటుంబం. మాయా శశిరేఖ వేస్తుంది. కానీ ఆమె కోరిక వేరు, ఘటోత్కచుడు వేయాలని. “మాయా శశిరేఖ లోపలున్నది ఘటోత్కచుడే గదా, మిగతా సగం కూడా నాకే ఇయ్యండి” అని వాదన. తాత ఒప్పుకోడు. పిల్లాడు ఇస్నాపూర్ దగ్గర ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఫిట్టరు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా డ్యూటీ. స్నేహితుడు లాక్కొస్తే నాటకానికి వచ్చి ముందు వరసలో కూచుని మొదటి పద్యానికే నిద్రపోతాడు. గురక పెడతాడు. హార్మోనియం తాత గురక శ్రుతి పట్టుకుని అదే స్వరంలో మొదలుపెడతాడు. పిల్లకు ఒళ్ళు మండుతుంది. అక్కడ వాళ్ళ పరిచయం.

అతని నిద్ర వదిలించడమే ఆమె పంతమవుతుంది. ఆమె మాయలన్నీ ఎలా చేస్తారో కనిపెట్టడం అతని పంతం. రోజూ వస్తాడు, రోజూ నిద్రపోతాడు, ఒక్క కప్పీ కిర్రుమన్నప్పుడు మాత్రం కళ్ళు తెరుస్తాడు. “గా రెండో కప్పీకి బేరింగ్ పోయిందమ్మా” అంటాడు. ప్రేమలేఖలా కాదు, బ్రేక్‌డౌన్ రిపోర్టులా.

నిద్ర వదిలించడానికి ఆమె అతనికి పద్యం నేర్పడం మొదలుపెడుతుంది. ఇద్దరూ సాధన చేసుకోవడానికి ఏకాంతం కావాలి గదా. కాలనీలో కుదరదు, అతని రూములో ఆరుగురున్నారు. అందుకని సంగారెడ్డి పాత జైలు. 1796లో కట్టిన ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. 2016లో ఐదువందలు కడితే ఒకరోజు ఖైదీలా ఉండనిచ్చే ఏర్పాటు చేశారు. ఖైదీ బట్టలు, పళ్ళెం, మగ్గు సహా. మా హీరో ఐదువందలు కట్టి గదిలో కూచుని పద్యం బట్టీపడతాడు. అవతలి గదిలో ఎవరో ఐటీ ఉద్యోగి ప్రశాంతత కోసం డబ్బు కట్టి వచ్చి, ఈ పద్యాలు భరించలేక బయటికి పంపమని కటకటాలు పట్టుకుని గోల చేస్తాడు. ఇది రాస్తుంటేనే నాకు నవ్వొస్తోంది. ‘జాతిరత్నాలు’ తీసిన అనుదీప్ చదివితే నాకు ఫోన్ చేయొద్దు, నేరుగా తీసేసుకోవచ్చు.

సెకండాఫ్‌లో ఆమెకు సీరియల్ అవకాశం వస్తుంది, అతనికి గుజరాత్ ప్లాంటుకు బదిలీ. వెళ్ళిపోదామనుకునే రోజు రాత్రి మాయాబజార్. నారదుడు ఆకాశం నుంచి దిగుతూ సగంలో ఇరుక్కుపోతాడు. బేరింగు, ముందే చెప్పాడు గదా. నారదుడు మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటాడు, తంబుర ఒకవైపు, వీపు ఒకవైపు. జనం ఈలలు. ఫిట్టరు ముందు వరస నుంచి లేచి, చెప్పులు విడిచి, స్టేజీ మీదికెక్కి ద్వారక వెనక దూరతాడు. చైన్ పుల్లీ లేదు, పానా లేదు. ఉన్నది ఘటోత్కచుడి గద. దాన్నే కడ్డీగా వాడి కప్పీ ఎత్తుతాడు. ఆయుధం పోయిన ఘటోత్కచుడు ఇప్పుడు ఏం చేయాలి? తాత తల పట్టుకుంటాడు. అప్పుడు ఆ పిల్ల మాయా శశిరేఖ వేషంలోనే, చీర కట్టుతోనే, ఘటోత్కచుడి పద్యం అందుకుంటుంది. గొంతు మార్చదు. నడక మాత్రం మారుస్తుంది.

చివర్లో ఎవరూ స్టేజీ మీద ప్రాణం వదలరు. అది నా షరతు.

మా శశిరేఖ

ఈ కథ నాకెందుకు ఇంత సులువుగా తట్టిందో చెప్పాలి. తొంభైల మొదట్లో నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను. గణేశ్ నవరాత్రులకు మా లైను కుర్రాళ్ళం మాయాబజార్ పెళ్ళి సీను వేశాం. సినిమా క్యాసెట్టు వీసీఆర్‌లో పెట్టి ఆపి ఆపి డైలాగులు రాసుకున్నాం. నాకు లక్ష్మణకుమారుడు. కిరీటం పెయింట్ డబ్బా రేకుతో చేసింది, చెవుల దగ్గర కోసుకుపోయేది. మాయా శశిరేఖ మా లేత్ మీద టర్నరు. సన్నగా, తెల్లగా ఉండేవాడు. సినిమాల్లో చేరాలని ఆల్బమ్ చంకన పెట్టుకుని ప్రతి ఆదివారం కృష్ణానగర్ చుట్టూ తిరిగేవాడు. ఆడవేషానికి ఒప్పుకున్నది కూడా “ఎవరన్న డైరెక్టర్ జూస్తడేమో” అన్న ఆశతోనే. వినాయకుడి మంటపానికి డైరెక్టరు ఎందుకొస్తాడని ఎవరూ అడగలేదు. పాపం, అడగబుద్ధి కాలేదు.

చీర కావాల్సి వచ్చింది. పక్క లైన్లో ఒకమ్మాయి ఉండేది. టైపు నేర్చుకునేది. ఆమె ఇంటికి చీర అడగడానికి పోయింది నేనే. పోవడానికి నాకూ ఒక కారణం కావాలి గదా. ఎర్రంచు ఆకుపచ్చ చీర ఇచ్చింది, “మరకబడితే ఊకోను” అని చెప్పి మరీ ఇచ్చింది.

ఆ రాత్రి టర్నరుకు చెప్పులు దొరకలేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినవాడు చీర కింద సేఫ్టీ బూట్లతోనే పీటల మీద కూచున్నాడు. పెళ్ళిలో మాయా శశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కాలి. ఇనుప టోపీ ఉన్న బూటుతో తొక్కాడు. నేను పెట్టిన కేక నటన కాదు. జనం మాత్రం చప్పట్లు కొట్టి “వన్స్ మోర్” అన్నారు. నా బతుకులో నాకు దక్కిన వన్స్ మోర్ అదొక్కటే. టర్నరు ఏ మాత్రం మొహమాటం లేకుండా మళ్ళీ తొక్కాడు.

తెల్లారి చీర తిరిగివ్వాల్సింది నేనే. కాని బొటనవేలు వాచి నడవలేక టర్నరును పంపాను. కొంగున బీడీ నిప్పు రవ్వ పడి శనగగింజంత కంత పడిందట. తెర వెనక దమ్ము లాగి ఉంటాడు. ఆమె గుమ్మంలోనే నిలబెట్టి గంటసేపు తిట్టిందని తర్వాత వాడే సంబరంగా చెప్పాడు. తిట్లు తిన్నవాడి ముఖంలో ఆ వెలుగేమిటో నాకు అప్పుడే అర్థమైంది. మరుసటి ఆదివారం వాడు కృష్ణానగర్ పోలేదు. రెండేళ్ళకు వాళ్ళ పెళ్ళయింది. పీటల దగ్గర బియ్యం పళ్ళెం పట్టుకుని నిలబడింది నేనే.

ఇద్దరూ ఇప్పుడు బీరంగూడలో ఉంటారు. ఆ చీర ఇంకా ఉంది, కంత మీద చిన్న పువ్వు కుట్టుకుంది. పోయిన దసరాకు వాళ్ళింటికి పోతే వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది: “శశిరేఖా, జర గ్యాస్ బందుపెట్టు!” రిటైరైన టర్నరు లుంగీ ఎగ్గట్టుకుని లోపలికి ఉరికాడు. తర్వాత ఆమె గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది.

“లక్ష్మణకుమారా, చాయ తాగుతవా?”